డబ్బాలో బండి, నెత్తిన డెబ్బై శాతం

నల్లగొండను ఆనుకొని ఉన్న పానగల్‌లో ఛాయా సోమేశ్వరుడి గుడికి వచ్చే చాలామంది దేవుడికంటే ముందు నీడను వెతుక్కుంటారు. కుందూరు చోడుల కాలపు ఆ త్రికూటాలయంలో, ఒక గర్భగుడి వెనుక గోడ మీద స్తంభం నీడ ఒకటి పొద్దంతా నిలిచి ఉంటుంది. సూర్యుడు తూర్పున ఉన్నా పడమటికి వాలినా అది కదలదు. ఏ స్తంభం నీడో చెప్పమంటే చూసేవాళ్లు తలా ఒక స్తంభాన్ని చూపిస్తారు. తరతరాలుగా ఇదొక వింత.

ఆ వింత గుట్టు విప్పాలనుకున్న సూర్యాపేట భౌతికశాస్త్ర అధ్యాపకుడు ఒకరు గుడికి చిన్న నమూనా కట్టారు. స్తంభాలను వాటి కొలతల ప్రకారం నిలబెట్టి వెలుగు ఎటు నుంచి దూరి ఎటు పోతుందో చూపించారు. ఆకాశమంతా చెదిరి వచ్చే వెలుగు స్తంభాల సందుల్లోంచి లోపలికి వస్తోందని, అందుకే నీడ ఒక్కచోటే నిలుస్తోందని తేల్చారు. రాతి గుడిని జరపలేం, స్తంభాన్ని పీకి చూడలేం. చిన్నదాన్ని కట్టుకుంటే అన్నీ చేయొచ్చు. ఆ నమూనాను ఎవరూ ఆటబొమ్మ అనలేదు.

అదే పని ఒక మోటార్‌సైకిల్‌తో చేస్తే మాత్రం మన పన్నుల పుస్తకం దాన్ని ఆటబొమ్మ అంటుంది. అసలు బండిని ఆరో వంతుకో, తొమ్మిదో వంతుకో, పన్నెండో వంతుకో తగ్గించి, విడి భాగాలుగా డబ్బాలో పెట్టి అమ్మే ప్లాస్టిక్ కిట్లు ప్రపంచమంతా ఉన్నాయి. జపాన్ కంపెనీ టామియా, ఇటలీ కంపెనీ ఇటలేరి ఈ రంగంలో పేరున్నవి. మన దేశంలోకి ఈ డబ్బా వచ్చిందంటే మూడు చక్రాల సైకిలు, గుడ్డబొమ్మ, పజిల్ ముక్కలతో కలిపి ఒకే గంపలో పడుతుంది. ఆ గంపకు 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి ఎగబాకింది. 2023 బడ్జెట్‌లో 70 శాతానికి చేరింది. చేతికీ కంటికీ పని నేర్పే సరుకును పసిపిల్లల కీచుబొమ్మతో కలిపి తూచడం తప్పు. అంతకంటే పెద్ద తప్పు, ఇంత సుంకం వేసి కూడా అలాంటి కిట్టు ఇక్కడ తయారయ్యేలా చూడకపోవడం.

ముందు డబ్బా విప్పి చూడాలి. పన్నెండో వంతు మోటార్‌సైకిల్ కిట్టులో బండి ఉండదు. ప్లాస్టిక్ చట్రాలు ఉంటాయి, వాటి కొమ్మలకు వేలాడుతూ నూటికి పైగా ముక్కలు ఉంటాయి. ఇంజన్ రెండు చెక్కలుగా, పెట్రోలు ట్యాంకు రెండు చెక్కలుగా వస్తుంది. చక్రాల రిమ్ములు, సైలెన్సర్, కాలి రెస్టులు, బ్రేకు డిస్కులు వేరువేరుగా ఉంటాయి. మెరిసే భాగాలకు క్రోము పూత ముందే వేసి ఉంటుంది. టైర్లు రబ్బరువి. క్లచ్ వైరుకూ బ్రేకు గొట్టానికీ సన్నటి నల్ల ట్యూబు, గుప్పెడు చిన్న మరలు, ట్యాంకు మీద అంటించాల్సిన పేర్ల రేకు, మడతలు పెట్టిన చిత్రాల కాగితం. మాటల్లేకుండా బొమ్మలతోనే చెప్పే ఆ కాగితాన్ని చదవడమే మొదటి పాఠం. పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్‌తో కుస్తీ పట్టినవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

ముక్కను కొమ్మ నుంచి తెంపకూడదు, కత్తిరించాలి. కత్తిరించిన చోట మిగిలిన ముల్లును బ్లేడుతో గీకి, గరుకు కాగితంతో నునుపు చేయాలి. అచ్చు రెండు పలకలు కలిసినచోట ముక్క పొడవునా సన్నటి గీత పడి ఉంటుంది. ఆ గీత పోకపోతే ఎంత మంచి రంగు వేసినా బండి ప్లాస్టిక్‌లాగే కనిపిస్తుంది. ఈ కిట్లకు వాడే ప్లాస్టిక్ పాలీస్టైరీన్. దానికి వాడే ద్రవం మామూలు గోందులా మధ్యలో ఇరుక్కుని రెండింటినీ పట్టుకోదు. రెండు అంచులనూ కొద్దిగా కరిగించి ఒకటి చేస్తుంది. ఒక రకంగా అది వెల్డింగే. ట్యాంకు రెండు చెక్కలను అలా కలిపి నొక్కితే అతుకులోంచి కరిగిన ప్లాస్టిక్ సన్నటి గట్టులా పైకి ఉబుకుతుంది. ఎండాక దాన్ని రుద్దేస్తే అతుకు ఎక్కడుందో వేలికి కూడా తెలియదు. ఆ ద్రవం ఆవిరి ఘాటుగా ఉంటుంది కాబట్టి కిటికీ తెరిచే పని చేయాలి.

తరువాత రంగు. ఈ కళలో అసలు ఓపిక అడిగేది ఇదే. నల్లగొండ గడియారం సెంటర్ నుంచి ఏ రోడ్డు పట్టుకుని పోయినా ఎక్కడో ఒకచోట డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు కనబడుతుంది. గుద్దుకుని సొట్టపడ్డ ట్యాంకును అక్కడి మేస్త్రీ ఏం చేస్తాడో చూసినవాళ్లకు కిట్టుకు రంగు వేయడం కొత్తగా చెప్పాల్సిన పని లేదు. సొట్ట తీస్తాడు, పుట్టీ పెడతాడు, వాటర్ పేపర్ తడిపి రుద్దుతాడు. ప్రైమర్ కొట్టి మళ్లీ రుద్దుతాడు. అప్పుడు రంగు. ఒక్కసారి మందంగా కొట్టడు, పల్చటి పూతలు ఒకదాని మీద ఒకటి వేస్తాడు. చివర్లో మెరుపు లక్క కొట్టి, ఇంకా సన్నటి కాగితంతో రుద్ది, పాలిష్‌తో తుడుస్తాడు. మోడల్ కట్టేవాడు చేసేది అక్షరాలా ఇదే. కాకపోతే అతని ట్యాంకు బొటనవేలంత ఉంటుంది, కంప్రెసర్ గన్ పెన్ను అంత ఉంటుంది.

ట్యాంకు ఇంత చిన్నదైనప్పుడు కొత్త చిక్కులు మొదలవుతాయి. అసలు బండికి కొట్టే మెటాలిక్ రంగులో అల్యూమినియం రేణువులు కలుపుతారు. అదే రంగును పన్నెండో వంతు ట్యాంకు మీద కొడితే రేణువులు చిన్నవి కావు కదా, కంటికి పన్నెండింతలు పెద్దవిగా కనబడి ట్యాంకు మీద తళుకుపొడి చల్లినట్టుంటుంది. అందుకే మోడల్ రంగుల్లో మరింత మెత్తటి పొడి వాడతారు. పూత మందానిదీ ఇదే లెక్క. కాస్త ఎక్కువ కొడితే ఇంజన్ రెక్కల సందులు పూడిపోతాయి. చక్రం పుల్లలు ఇంకా పెద్ద పేచీ. అసలు బండిలో మూడు మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూగా ఉండే పుల్ల, పన్నెండో వంతులో మిల్లీమీటరులో పావు వంతు ఉండాలి. అంత సన్నగా ప్లాస్టిక్ పోయడం కష్టం కాబట్టి కిట్టులోని పుల్లలు కొంత లావుగానే వస్తాయి. పట్టుదల ఉన్నవాళ్లు వాటిని కోసేసి సన్నటి స్టీలు తీగతో చక్రాన్ని మళ్లీ అల్లుకుంటారు. సైకిల్ షాపులో పుల్లలు బిగించి చక్రం వంకర తీసేవాడి పనే ఇది. చూపుకు భూతద్దం తోడవుతుంది, అంతే తేడా.

ఈ పనికి నల్లగొండ, పాలమూరు ఎండలు ఓ పట్టాన లొంగవు. జపాన్ డబ్బా మీది సూచనలు రాసినవాడికి మన మే నెల తెలియదు. నలభై దాటిన ఎండలో గన్ నోటి నుంచి బయలుదేరిన రంగు తుంపర ట్యాంకును చేరేలోపే సగం ఆరిపోతుంది, పైన పొడిపొడిగా గరుకు తేలుతుంది. దానికి విరుగుడు తెల్లవారుజామున కొట్టడం, లేదా ఆరడాన్ని ఆలస్యం చేసే థిన్నర్ కలుపుకోవడం. వానాకాలంలో కథ తిరగబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు లక్క రంగు కొడితే థిన్నర్ వేగంగా ఆవిరై పూత చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద చేరి తెల్లటి పొగలాంటి మచ్చ కడుతుంది. కార్ల పెయింటర్లు జూలై, ఆగస్టుల్లో పడే తిప్పలే ఇవి. ఈ మెట్ట ప్రాంతంలో రంగు పనికి దీపావళి దాటినప్పటి నుంచి శివరాత్రి దాకా మంచి అదను. ఆ నెలల్లో పొద్దుటి చలి తగ్గాక గాలి పొడిగా ఉంటుంది. ఎండ కూడా మరీ కొట్టదు. ఇంకో మాట. అద్దాలు మూసిన కారులో, రేకుల షెడ్డు అటక మీద మోడల్‌ను వేసవంతా వదిలేస్తే సన్నటి ముక్కలు వంగిపోతాయి.

ఇదంతా ఎక్కడి నుంచో దిగుమతైన సరదా అనుకునేవాళ్లు కొండపల్లి బొమ్మను ఒకసారి గుర్తుచేసుకోవాలి. తెల్ల పొణికి కర్రతో చెక్కే ఆ బొమ్మకు చేతులు వేరుగా, తల వేరుగా, ఒళ్లు వేరుగా తయారవుతాయి. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతుకుతారు. అతుకు గుంటలను అదే మక్కుతో పూడుస్తారు. నునుపు చేసి సున్నం పూత వేశాకే రంగు జోలికి పోతారు. కిట్టు భాషలో చెప్పాలంటే జిగురు, పుట్టీ, ప్రైమర్ అన్నమాట. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డ మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి మూడుసార్లు పూసి, అది ఆరాక కుంచె పట్టుకుంటారు. పానగల్‌లోనే పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత ఘట్టాలను అరచేయంత జాగాల్లో చెక్కినవాళ్ల వారసత్వం మనది. చిన్న కొలతలో పెద్దదాన్ని పట్టుకోవడం ఈ నేలకు ఎవరూ వచ్చి నేర్పాల్సిన విద్య కాదు.

అయినా అన్నిటికంటే గట్టి సాక్షి రోడ్డు మీదే ఉంది, బుల్లెట్టు. 1955లో ఇంగ్లండు రాయల్ ఎన్‌ఫీల్డ్, మన మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టినప్పుడు ఇక్కడ బండి తయారుచేసే సరంజామా లేదు. మొదట్లో బుల్లెట్ విడిభాగాల కిట్లుగా ఓడల్లో వచ్చింది. తిరువొత్తియూరు కార్ఖానాలో మనవాళ్లు వాటిని బిగించారు. 1956లో అలా బయటికి వచ్చినవి 163 బండ్లే. బిగించడం వచ్చాక ఒక్కో భాగాన్ని ఇక్కడే పోయడం, కోయడం మొదలైంది. 1962 నాటికి అన్ని భాగాలూ మన దేశంలోనే తయారయ్యాయి. ఆ తరువాత ఇంగ్లండులో కంపెనీ మూతపడింది, మద్రాసులో మాత్రం బుల్లెట్ ఆగలేదు. విప్పడం, బిగించడం, ఆపైన తయారుచేయడం అనే వరుసలోనే ఒక పరిశ్రమ ఇక్కడ పుట్టింది. బుల్లెట్ ట్యాంకు మీది బంగారు గీతలను చాలాకాలం చేత్తోనే, కుంచెతోనే గీశారు. స్టిక్కరు వేసి పారేయొచ్చు కదా అన్న ప్రశ్నకు ఆ గీతలు చూసినవాడు జవాబు అడగడు.

ఇటలీలో ఇలాంటిదే మరో కథ. తార్క్వీనియో ప్రోవీని రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన మోటార్‌సైకిల్ రేసర్. 1957లో 125 సీసీ, 1958లో 250 సీసీ టైటిళ్లు అతనివి. 1966లో ఐల్ ఆఫ్ మాన్ పందెంలో పడి వెన్నుకు తీవ్రంగా దెబ్బ తగలడంతో రేసులు ముగిశాయి. తరువాత అతను ప్రోటార్ అనే కంపెనీ పెట్టి తాను తోలిన, తనతో పోటీపడిన బండ్లను తొమ్మిదో వంతు కిట్లుగా తీశాడు. ఏ కేబులు ఎటు పోతుందో, ఏ బోల్టు ఎక్కడుంటుందో రేసర్‌కు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ప్రోటార్ అచ్చులతో పోసిన కిట్లు తరువాత ఇటలేరి పేరుతో కూడా మార్కెట్లోకి వచ్చాయి. అచ్చు ఒకసారి తయారైతే దశాబ్దాలు పనిచేస్తుందనడానికి ఇది రుజువు. ఈ మాట తరువాత అక్కరకొస్తుంది.

ఇప్పుడు పన్ను లెక్క. ఒక మోటార్‌సైకిల్ కిట్టు రవాణా, బీమా కలుపుకొని రేవులో రెండు వేల రూపాయలకు దిగిందనుకుందాం. 70 శాతం సుంకం అంటే 1,400. దాని మీద జీఎస్టీ. ఆటబొమ్మల జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు, సంతోషమే. ఆ 5 శాతం కూడా సుంకం కలిపిన 3,400 మీదే పడి మొత్తం 3,570 అవుతుంది. దిగుమతిదారుడి లాభం, దుకాణందారుడి లాభం, కొరియరు ఇంకా చేరలేదు. రంగులు, థిన్నర్, జిగురు, కట్టర్ వేరే ఖర్చు. పానగల్‌లోనో, పాలమూరు వైపున్న ఇంకో పానగల్‌లోనో పదో తరగతి చదివే పిల్లాడికి ఇది అందేదేనా? హైదరాబాద్‌లో మంచి జీతగాడికి మాత్రమే అందుతుంది. అప్పుడు అందరూ ఇది డబ్బున్నవాళ్ల సరదా అంటారు. సరదాను ఖరీదు చేసింది ఎవరు మరి?

సుంకం పెంచినవాళ్ల వాదనలో పస లేదని చెప్పలేం. చైనా నుంచి చవక బొమ్మలు వెల్లువెత్తాయి. భారత నాణ్యతా మండలి 2019లో దిగుమతి బొమ్మలను పరీక్షిస్తే దాదాపు 67 శాతం తప్పాయి. నోట్లో పెట్టుకునే బొమ్మల్లో విషపు రంగులు, మింగితే గొంతులో ఇరుక్కునే ముక్కలు ఉంటే ఏ ప్రభుత్వమూ చూస్తూ ఊరుకోకూడదు. 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు లేకుండా బొమ్మలు అమ్మకూడదన్న ఉత్తర్వు అందుకే వచ్చింది. హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు దాని నుంచి మినహాయింపు కూడా ఇచ్చారు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు తయారుచేసేవాళ్లకు అది పెద్ద ఊరట.

తిరకాసు ఇక్కడే ఉంది. ఆ నాణ్యతా ఉత్తర్వు ప్రకారం ఆటబొమ్మ అంటే 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకోవడానికి ఉద్దేశించినది. మోటార్‌సైకిల్ కిట్ల డబ్బాల మీద చాలావరకు 14 ఏళ్లు దాటినవారికి అనే రాసి ఉంటుంది. అంటే భద్రత చూసే చేయి దాన్ని పిల్లల బొమ్మగా లెక్కపెట్టదు, సుంకం వసూలు చేసే చేయి మాత్రం పిల్లల బొమ్మలతోనే కట్టగడుతుంది. కస్టమ్స్ జాబితాలో బొమ్మల పద్దు కిందే కొలతకు తగ్గించిన నమూనాలు అనే మాట విడిగా ఉంది. ఆ మాట ఉన్నచోట ఒక ఉపపద్దు పెట్టి, విడదీసిన స్థితిలో వచ్చే కిట్లకు వేరే రేటు రాస్తే సరిపోతుంది. చట్టం మార్చక్కర్లేదు, ఒక నోటిఫికేషన్ చాలు.

సుంకం తగ్గిస్తే సగం పనే అవుతుంది. మిగతా సగానికి జపాన్‌లోని షిజువోకాను చూడాలి. ఆ దేశపు ప్లాస్టిక్ మోడళ్లలో ఎనభై శాతానికి పైగా ఆ ఒక్క ప్రాంతం నుంచే వస్తాయి. టామియా, హసెగావా, అవోషిమా అన్నీ అక్కడివే. ఎందుకు అక్కడే? ఎడో యుగంలో కోటలు, మందిరాలు కట్టడానికి వచ్చిన వడ్రంగులు, చెక్కడపు పనివాళ్లు ఆ ఊళ్లో స్థిరపడ్డారు. వాళ్ల చేతిపని కొయ్య సామాన్లకు, తరువాత కొయ్య విమానాల మోడళ్లకు దారితీసింది. టామియా కూడా 1946లో కోత మిల్లుగా పుట్టిందే. కొయ్య మోడళ్లు చేసింది. ప్లాస్టిక్ వచ్చి కొయ్యను తినేస్తుంటే 1960లో యమాతో యుద్ధనౌకతో ప్లాస్టిక్‌లోకి దిగింది. అదే నౌకను పోటీ కంపెనీ ఇంకా చవకగా అమ్మడంతో దెబ్బతింది. మళ్లీ లేచి నిలబెట్టింది మోటారుతో నడిచే పాంథర్ యుద్ధట్యాంకు మోడల్, దాని డబ్బా మీద చిత్రకారుడు కొమత్సుజాకి వేసిన బొమ్మ. కంపెనీని ఇంతటిదాన్ని చేసిన షున్సాకు టామియా 2025 జూలైలో తన 90వ ఏట కన్నుమూశారు. పోర్షె కారు మోడల్ సరిగ్గా రావాలని ఆయన అసలు పోర్షెను కొని దాని భాగాలు ఊడదీయించిన సంగతి ఈ రంగంలో అందరికీ తెలుసు.

గుడులు కట్టిన చేతులు, కొయ్యబొమ్మలు, ఆపైన ప్లాస్టిక్. షిజువోకా మెట్లలో మొదటి రెండూ మనకూ ఉన్నాయి. మూడోదానికి కావాల్సినవి కూడా ఉన్నాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు అంతే. కిట్టు తయారీలో గుండెకాయ స్టీలు అచ్చు. అచ్చుల రూపకల్పన నేర్పడానికే హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ వెలిసింది. ప్లాస్టిక్ సంగతులు చూసుకోవడానికి కేంద్ర సంస్థ సిపెట్ ఉంది. నమూనా తయారీకి 2023 మార్చిలో రాయదుర్గంలో టీ-వర్క్స్ తెరిచారు. నల్లగొండ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో చౌటుప్పల్ దగ్గర దండుమల్కాపూర్ పారిశ్రామిక పార్కు ఉంది, అక్కడే బొమ్మల తయారీకి ప్రత్యేక పార్కు పెడతామని గత ప్రభుత్వం ప్రకటించింది. పాత నల్లగొండ జిల్లా నేల అది. ప్రభుత్వాలు మారినా పారిశ్రామికవాడలు మారవు. బొమ్మల పార్కు అంటే సాఫ్ట్ టాయ్స్ కుట్టే షెడ్లేనా, స్టీలు అచ్చులు చెక్కే టూల్‌రూమ్ కూడానా అన్నది ఇప్పటికైనా తేల్చాలి.

కొనేవాళ్లెవరు అని అడిగేవాళ్లుంటారు, అడగాలి కూడా. అచ్చుకు లక్షలు పోయాలి, అమ్మకం నెమ్మదిగా ఉంటుంది, కంపెనీ పేరు వాడుకోవడానికి ఆ కంపెనీ ఒప్పుకోవాలి. కానీ ప్రోటార్ కథలో చూసినట్టు ఆ అచ్చు దశాబ్దాలు పనిచేస్తుంది. గిరాకీ లేదన్నది కూడా నమ్మశక్యంగా లేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500కు మూడో వంతు మోడల్‌ను ఆ కంపెనీయే కొన్నేళ్ల కిందట అమ్మకానికి పెట్టింది. 964 భాగాలు, ధర 67,990 రూపాయలు. ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో నిజం బండే వస్తుంది. పైగా అది బిగించి వచ్చే వస్తువు, బీరువా పైన పెట్టుకోవడానికి. 964 భాగాలను బిగించే ఆనందం కంపెనీ పనివాళ్లకే దక్కింది! బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో క్రికెట్ బ్యాటు రూపం కారు, చెప్పు రూపం కారు చూడటానికి జనం టికెట్టు కొంటున్నారు. బండి రూపం మీద మనవాళ్లకున్న మోజుకు వేరే సర్వే అక్కర్లేదు.

మొదటి కొనుగోలుదారు ప్రభుత్వమే కావొచ్చు. అటల్ టింకరింగ్ ల్యాబ్ మంజూరైన బడికి కేంద్రం 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. దేశంలో ఇలాంటివి పది వేలకు చేరాయి, 2025 బడ్జెట్‌లో మరో 50 వేలు పెడతామన్నారు. వాటిలో త్రీడీ ప్రింటర్లు, రోబో కిట్లు, సెన్సర్లు ఉన్నాయి. ప్రింటర్ బటన్ నొక్కితే ముక్క వస్తుంది. ఆ ముక్క ఇంకో ముక్కలో ఎందుకు దూరడం లేదో, ఎక్కడ ఎంత రుద్దితే దూరుతుందో నేర్పేది మాత్రం కిట్టు. ఫోర్కు వంపులో ఒక డిగ్రీ తేడా వస్తే బండి పక్కకు ఒరుగుతుంది. ఆ తప్పు తెరమీద కనబడదు, బల్లమీద కనబడుతుంది. ఇక ఐటీఐలో మోటార్ మెకానిక్ చదివే పిల్లలకు మొదటి నెలలోనే ఒక్కో కిట్టు ఇచ్చి, అచ్చంగా కాగితం చూసే బిగించమంటే అసలు ఇంజన్ మీద చేయి వేసేనాటికి వాళ్ల చూపే వేరుగా ఉంటుంది. బండి ట్యాంకుల మీద స్టిక్కర్లు కోసే రేడియం షాపు కుర్రాళ్ల ప్లాటర్ మెషీను పేర్ల అక్షరాలకూ, రంగు అడ్డుపట్టీలకూ చక్కగా పనికొస్తుంది. డెంటింగ్ మేస్త్రీని నెలకోరోజు గెస్టు లెక్చరర్‌గా పిలిస్తే ఇంకా మంచిది. వాటర్ పేపర్ ఎంత తడిపి ఎంత బరువుతో రుద్దాలో అతనికి తెలిసినంత ఏ వీడియోకూ తెలియదు.

ఇక మొదటి కిట్టు ఏ బండిది కావాలన్న దాని మీద గొడవ ఖాయం. బుల్లెట్ అంటారు కొందరు, పుష్పక్ స్కూటర్ హైదరాబాద్‌లో తయారైంది కాబట్టి అదే న్యాయం అంటారు ఇంకొందరు, రాజ్‌దూత్ పేరెత్తే తాతలూ ఉంటారు. అసలైన హక్కుదారు టీవీఎస్ ఎక్సెల్. 1980లో టీవీఎస్ 50గా రోడ్డెక్కిన వంశం అది. ఈ జిల్లాల్లో పాల క్యాన్లు, యూరియా బస్తాలు, గడ్డిమోపులు, బత్తాయి బుట్టలు అన్నీ మోసింది అదే. తయారీకి కూడా అదే వాటం. కప్పేసే ప్లాస్టిక్ తక్కువ, చట్రం బయటికే కనబడుతుంది. చిన్న ఇంజన్ కాబట్టి భాగాలు తక్కువ, అచ్చు ఖర్చు తక్కువ, కొత్తవాడికి చేయి తిరగడం సులువు. పాల క్యాన్లు రెండు, తాడు, యూరియా బస్తా ఒకటి అదనపు భాగాలుగా ఇస్తే రంగు వేసేవాడికి చేతినిండా పని. కొత్త బండిలా మెరిపించాలా, మడ్‌గార్డు మీద ఎర్రమట్టి, సైలెన్సర్ మీద తుప్పు వేసి పదేళ్ల బండిలా చూపించాలా అన్నది అతని ఇష్టం. ధర ఐదొందలు దాటకూడదు.